ఆది ఇచ్చి పోండ్రి

నా దుకాణం మెట్టెక్కిన ప్రతి ఆడమనిషికీ నేను మొదట చెప్పే మాట ఒకటే: "ఆది ఇచ్చి పోండ్రి." ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టు ఒకటి నా దగ్గర వదిలి వెళ్లాలి. దాన్ని చూసి కొత్తది కుడతాను. కొత్తది చేతికి అందేదాకా ఆ పాతది నా దగ్గరే ఉంటుంది. చేవెళ్లలో మా సందులో ఈ సంగతి పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తెలియని మనిషి ఒకామె ఒకరోజు వచ్చింది. అంతే, నా ఇంట్లో కుక్క చేరింది.

ముందే చెబుతున్నాను, నాకు కుక్కలంటే పడదు. భయమనుకుంటారు చాలామంది. భయం కాదు, చిరాకు. తుడిచిన గడప మీద పడుకుంటాయి, కుట్టడానికి వచ్చిన పట్టుచీర అంచు మీద కాలు పెడతాయి, పొమ్మంటే తోక ఊపుతాయి. సందులో కుక్క కనబడితే చేతిలో ఉన్న చెక్క స్కేలు ఊపేదాన్ని. కొట్టలేదు ఎప్పుడూ. ఊపడంతోనే అవి నన్ను అర్థం చేసుకున్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం నేను మెడ ఎత్తే స్థితిలో లేను. మాఘమాసం పెళ్లిళ్లు. నా ముందు జాకెట్ల గుట్ట, ఒడిలో మగ్గం పని చేయించుకొచ్చిన పెళ్లికూతురి జాకెట్టు చేతులు, నోట్లో నాలుగు గుండుసూదులు. బయట వ్యాను ఆగిన చప్పుడైంది. ఎవరో ఆడమనిషి లోపలికి వచ్చి హైదరాబాదు యాసలో గడగడా చెప్పుకుపోయింది.

"అక్కా, మేము జన్వాడ దిక్కు కుక్కలను చూసుకుంటం. ముసలివి, దెబ్బలు తాకినవి, ఎవరూ తీస్కపోనివి. ఒకదానికి టిప్పర్ గుద్ది వెనక కాళ్లు పనిచేస్తలేవు. ఈడ్చుకుంట తిరిగితే తోలంత లేస్తున్నది. నడుము కాడికెల్లి కిందికి ఒక సంచి లెక్క కుడతరా? సిటీల అడిగితే నవ్విన్రు."

ఇదంతా ఆమె తర్వాత మళ్లీ చెబితే తెలిసింది. అప్పుడు నా చెవిన పడినవి 'సంచి', 'కుడతరా' అన్న రెండు మాటలే. గుండుసూదుల సందులోంచే జవాబిచ్చాను.

"ఆది ఇచ్చి పోండ్రి. ఐదు దినాలైనంక రాండ్రి."

ఆమె బయటికి వెళ్లింది. బయట అరుగు మీద పక్కింటి అవ్వ కూర్చుని ఉంది. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే సందులో జరిగేది ఒక్కటీ వదలదు. ఆదంటే ఏంటని ఆమె అవ్వను అడిగిందట. "కొలతకు ఇచ్చేది బిడ్డా. పని అయ్యేదాంక దర్జామె తాననే ఉంటది" అని అవ్వ చెప్పిందట. అడిగింది సరైన మనిషినే, అవ్వ చెప్పింది సరైన జవాబే. తప్పు ఎవరిదో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

పెళ్లికూతురి చేతులు అతికించడం అయ్యాక నా మిషను కింద ఎవరో నిట్టూర్చారు. వంగి చూశాను. దుప్పటి ముక్క మీద ఒక పెద్ద గోధుమరంగు కుక్క కూర్చుని ఉంది. మూతి తెల్లబడింది, ఒక చెవి చివర చిరిగింది, వెనక కాళ్లు రెండూ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ముందు కాళ్ల మీద నిటారుగా నిలబెట్టుకున్న ఛాతీ మాత్రం తనిఖీకి వచ్చిన ఆఫీసరుది. పక్కన తిండి పొట్లం, ఫోన్ నంబరు రాసిన కాగితం.

నేను వెంటనే ఫోన్ చేశాను.

"అమ్మా, మీరు కుక్కను మరిచిపోయిన్రు."

"మరిచిపోలే అక్కా. మీరే గద ఆది ఇచ్చి పొమ్మన్నరు. నేను మొయినాబాద్ దాక వచ్చిన. అజీజ్‌నగర్ ఫామ్‌హౌజ్‌ల ఇంకోదాన్ని తెచ్చేదున్నది. రేపు పొద్దుగాల వస్త, మీకు అన్ని నేర్పిస్త. మీరు నిజంగ శానా మంచోళ్లు."

నన్ను మంచిదాన్నని అనడం నా వృత్తిలో అరుదు. జాకెట్టు బాగుందంటారు, బిగుతైందంటారు, ఆలస్యమైందంటారు. ఆ ఒక్క మాటకు, తిట్టాల్సిన తిట్లు తిట్టకుండానే ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. మొయినాబాద్ దిక్కు మాకున్న రెండెకరాల్లో చామంతి వేస్తాడు. తెల్లవారుజామున పూలు మార్కెట్టుకు వేసి, పగలంతా తోటలో ఉండి, సాయంత్రం ఇంటికొచ్చి నన్ను ఏడిపించడం ఆయన దినచర్య. గుమ్మంలో నిలబడి కుక్కను చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలోని టేపును చూశాడు.

"ఈయనకు గూడ జాకెట్ కుడుతున్నవా? నెక్ ఎంత దింపుతవ్?"

కుక్క ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"సారు జర కోపం మీదున్నడు" అన్నాడు మా ఆయన. అప్పటినుంచి దానికి సారు అన్న పిలుపే నిలిచిపోయింది. జన్వాడ కుక్కల ఆశ్రమంవాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరు ఏదో ఉంది గానీ అది మా సందులో ఎవరికీ నోరు తిరగలేదు. నాకు కూడా 'అది' అనడం రెండు రోజుల్లో పోయి 'ఈయన' అనడం వచ్చేసింది.

మరునాడు ఆమె వచ్చింది. పశువుల డాక్టరు. ముప్పై దాటి ఉండవు. చెప్పులకు మట్టి, చేతుల నిండా గీరుళ్లు. సారుకు నడుము కింద స్పర్శ లేదు కాబట్టి ఒంటేలు తనంతట తాను పోయలేడని, రోజుకు మూడుసార్లు పొత్తికడుపు నొక్కి పోయించాలని చెప్పింది. నేను లేచి నిలబడ్డాను, వెళ్లిపొమ్మని చెప్పడానికే. ఈలోపు ఆమె అడిగింది.

"అక్కా, ఎన్నడన్న బర్రె పాలు పిండిన్రా?"

"పుట్టింట్ల పిండిన."

"గంత జోరు వద్దు. గంతే తేడా."

వచ్చిన పనిని రాదని చెప్పలేని జబ్బు ఒకటుంది నాకు. మొదటిసారి నా చీర తడిసింది. రెండోసారి అవ్వ చీర తడిసింది, ఆమె దగ్గరికొచ్చి వంగి చూస్తుంటే. మూడో రోజుకు ఎక్కడ నొక్కాలో వేళ్లకు తెలిసిపోయింది. నా నోట్‌బుక్కులో పెళ్లికూతుళ్ల కొలతల మధ్య ఒక పేజీ మీద 'సారు: ఛాతీ ఇరవయ్యారు, నడుము పదహారు, పొడవు పందొమ్మిది' అని రాసుకున్నాను. ఆ నడుము చూసి ఒక కస్టమరు ఈ సారు ఎవరు, ఏం తింటాడు అని అడిగింది.

సంచి కుట్టడం నేననుకున్నంత సులువు కాలేదు. మొదట కాన్వాసుతో కుడితే నాలుగడుగులకే ఊడి వెనకబడింది. రెండోదానికి భుజాల మీదుగా పట్టీలు వేస్తే చంకల్లో ఒరుసుకుంది. మూడోది పాత జీన్సుతో కుట్టాను, సిమెంటు రోడ్డు మీద ఒక్క పూటకే చిరిగింది. నాలుగోదానికి అడుగున స్కూటరు సీటు రెక్జిను, లోపల మెత్తటి లైనింగు, ఛాతీ దగ్గర వెడల్పు ఎలాస్టిక్. ఐదో రోజు అది తొడిగించి గడప బయట దించాను. సారు ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత ముందు కాళ్లతో బయలుదేరి, సర్రుమని చప్పుడు చేసుకుంటూ సందు చివర మిర్చిబజ్జీల బండి దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ సర్రుమని తిరిగొచ్చాడు. అవ్వ లేచి నిలబడి చూసింది. నాకు పెళ్లికూతురి జాకెట్టు కుదిరినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

పని అయిపోయింది కదా, ఆరో రోజు అప్పగించి వద్దామని నేనే బయలుదేరాను. మా ఆయన ట్రాలీ ఆటోలో వెనక సారు, ఖాళీ పూల గోనెల మీద. శంకర్‌పల్లి మీదుగా, మోకిలలో కొత్త ఇళ్ల గేట్లన్నీ దాటుకుని జన్వాడ పక్క ఆ ఆశ్రమానికి చేరాం. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. ఊడ్చే ఆమె గేటు తీసింది.

అబద్ధం చెప్పకూడదు, అక్కడ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. నీళ్లున్నాయి, తిండి ఉంది, మందుల అలమారా ఉంది. ముప్పైకి పైగా కుక్కలున్నాయి. రెండు కళ్లూ పోయిన ఒకటి గోడ రాసుకుంటూ తిరుగుతోంది. అజీజ్‌నగర్ ఫామ్‌హౌజ్ నుంచి తెచ్చిన లావుపాటి ముసలిది గేటు దగ్గర కూర్చుని ఉంది. రోడ్డు మీద ఏ కారు హారన్ మోగినా లేచి నిలబడుతోంది, తనవాళ్ల కారేమోనని. ఆ ఫామ్‌హౌజ్‌వాళ్లు కొత్తగా పిల్లకుక్కను కొన్నారట, ముసలిదాన్ని తీసుకుపొమ్మని ఆశ్రమానికి ఫోన్ చేశారట. ఊడ్చే ఆమె చెబుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఈయన జాగ గదే" అని ఆమె నల్లా పక్కన ఒక మూల చూపించింది. ఒక గోనెసంచి పరిచి ఉంది. సారును దించాను. ఎవరూ చెప్పకుండానే ఆయన ఆ మూలకు ఈడ్చుకుంటూ వెళ్లి, గోడవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే నేను వదిలేసి వచ్చేదాన్నేమో.

"సంచి ఇంక కాలేదమ్మా. చూపియ్యనీకె తెచ్చిన. నడుము కాడ వదులున్నది" అన్నాను.

ఊడ్చే ఆమె వంగి చూసింది. "మంచిగనే ఉన్నది గదమ్మా."

"నీకు తెల్వది" అని సారును మళ్లీ ఎత్తుకున్నాను.

మా ఆయన ఆటో స్టార్టు చేశాడు. "ఇంటికేనా?" అన్నాడు.

"ఇంకెటు పోతం?"

అద్దంలో చూశాను, నవ్వాపుకుంటున్నాడు.

ఇక్కడ దర్జీలందరి తరఫునా ఒక విషయం ఒప్పుకోవాలి. మేం అబద్ధాలు చెబుతాం. హుక్కులు కుట్టడం ఒక్కటే ఉన్నది, రేపు రా అంటాం, నిజానికి బట్ట ఇంకా కత్తిరించి ఉండం. కరెంటు పోయిందంటాం. దారం రంగు దొరకలేదంటాం. మా నాయనమ్మ చచ్చిపోయిందని ఒకామెకు రెండుసార్లు చెప్పి దొరికిపోయాను. పని కాకపోయినా అయిందని చెప్పడం నాకు అలవాటే. పని అయిపోయాక కాలేదని చెప్పడం మాత్రం జీవితంలో అదే మొదలు.

డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఎలాస్టిక్ రాలేదు. రెక్జిను మారుస్తున్నా. వానకాలానికి వేరే రకం కుట్టాలి. ఆ అబద్ధానికి తోడుగా నిజంగానే కుడుతూ పోయాను. చలికి లోపల ఉన్ని వేసినది ఒకటి, ఎండకు పల్చటిది ఒకటి, పండక్కి జాకెట్టు ముక్క అంచు వేసి ఒకటి. అన్నీ మడిచి అలమారా పైఅరలో పెట్టాను.

సారు నా మిషను కింద స్థిరపడ్డాడు. గడ్డం తెచ్చి నా ఎడమ పాదం మీద పెట్టేవాడు. రెండు కాళ్లతో తొక్కే మిషను అది. ఆయన్ను లేపలేక కుడికాలితో ఒక్కదానితో తొక్కడం నేర్చుకున్నాను. మొదట్లో కుట్టు వంకరపోయింది. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు కుక్క ఉందని మానేశారు. ఒకావిడ లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడి "కుక్క ఉండంగ ఎట్ల రావాలె?" అని అరిచింది. రాకండ్రి అన్నాను. పాత కస్టమరే. పోనీ అనుకున్నాను.

మా ఆయన ఒక ఆదివారం ఇంటి ముందు మెట్టు పగలగొట్టి సిమెంటుతో వాలుగా కట్టాడు. ఎందుకని అడిగితే పూల గోనెలు దించడానికని చెప్పాడు. మా పూలు తోటనుంచి నేరుగా మార్కెట్టుకు పోతాయి, ఇంటికి ఒక్క గోనె కూడా రాదు. మా ఇంట్లో అబద్ధం చెప్పే హక్కు నా ఒక్కదానిదే కాదు కదా.

రెండు నెలల్లో డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. "అక్కా, పర్మనెంట్ ఫాస్టర్ చేస్తరా?" అంటే ఏంటో కూడా చెప్పింది. ముసలి కుక్కలను, జబ్బువాటిని దత్తత తీసుకోరు. అందుకని బతికినన్నాళ్లు ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు. వైద్యం, మందులు ఆశ్రమానివి. ఇల్లు, తిండి, చేయి ఆ ఇంటివాళ్లవి. కాగితాల్లో కుక్క ఆశ్రమానిదే.

అవ్వకు ఇది చప్పున అర్థమైంది. ఆమె మేకలు రెండు పక్క ఊళ్లో పాలుకు ఉన్నాయి. మేక ఆమెది, మేపేది వేరేవాళ్లు, పుట్టిన పిల్లల్లో చెరిసగం.

"అంటే సారును నీకు పాలుకు ఇచ్చిన్రు బిడ్డా. మరి నీ పాలుకు ఏం వస్తది?"

"ఏం రాదు అవ్వా. ముసలోడు, పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ అయినోడు."

"ఏం రానిదానికి పాలు ఎందుకు పెట్టుకుంటరే?" అంది అవ్వ. ఆమె లెక్కల్లో ఇలాంటి బేరం ఎప్పుడూ లేదు.

మా ఆయన వేరే తీరుగా అన్నాడు. "నా తమ్మునికి పదేండ్లు కొలువు చేసినా పర్మనెంట్ కాలే. సారుకు కూసున్నకాడికే వచ్చింది."

డాక్టరమ్మకు మాత్రం రెండుసార్లూ కాదనే చెప్పాను. "నాకేడిది తీరిక" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పుడు తెలుసు. ఫలానాది నాకు కావాలి అని నోరు తెరిచి చెప్పడం నాకు రాదు. చీరల కొట్లో నచ్చిన చీర చేతిలో పట్టుకుని కూడా "పర్వాలేదు" అంటాను. సంచి కాలేదన్న అబద్ధం ఉన్నంతకాలం ఆయన నా దగ్గరే ఉంటాడు, నేను దేనికీ తలవంచి అడగక్కరలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక బుధవారం ఆమె ఫోన్ చేసింది. గొంతులో సంతోషం.

"అక్కా, మీకు ఇంక తకలీఫ్ లేదు. మోకిలల ఒక ఫ్యామిలీ పర్మనెంట్‌గ తీస్కుంటమన్నరు. పెద్ద ఇల్లు, కింద గడ్డి, పనామె గూడ ఉన్నది. రేపు రక్తం తీస్కపోతం, వాళ్లు రిపోర్ట్ అడిగిన్రు. ఆదివారం వచ్చి తీస్కపోత. సంచి గురించి ఫికర్ చెయ్యకుండ్రి, ఆన్‌లైన్‌ల తెప్పిస్త."

'ఆన్‌లైన్‌ల' అన్న మాటతో నా సాకు కాస్తా పోయింది. సరే అన్నాను. నోటినుంచి అదే వచ్చింది.

గురువారం వాళ్ల మనిషి వచ్చి రక్తం తీసుకెళ్లాడు. ఆ మూడు రోజులు నేను మనిషిలా లేను. ఒక జాకెట్టుకు ఎడమ చేయి కుడివైపు కుట్టాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, మా ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు. శనివారం మాత్రం పళ్లెం దగ్గర అన్నాడు.

"అడుగరాదె."

"నేనెందుకు అడుగుత? రెండుసార్లు వద్దన్న. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

"ఉన్న మొఖమే పెట్టుకొని అడుగు. కొత్తది యాడికెల్లి తెస్తవ్?"

కోపంతో లేచిపోయాను. మోకిలవాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు, ఆ గడ్డి మీద రెక్జిను కూడా అరగదు, ఆయనకు అదే మేలు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కటీ నమ్మలేదు. గడ్డి ఉంటే ఉండనీ. ఈయన ఎవరి కాలు మీద గడ్డం పెట్టుకోవాలి?

ఆదివారం పొద్దున పదింటికి వ్యాను వచ్చింది. డాక్టరమ్మ లోపలికి వచ్చేసరికి నేను సంచులన్నీ దించి బల్ల మీద పెట్టాను. ఎవరి దగ్గరికి పోయినా తొడుక్కోవాలి కదా. పదకొండు ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే విప్పి చూసింది. లోపల ఉన్ని చూసింది, అంచు చూసింది.

"అక్కా, ఇవన్ని ఎప్పుడు కుట్టిన్రు?"

"మొదటిది ఐదో దినమే అయింది" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. "అబద్ధమాడిన. ఎలాస్టిక్ రాలేదన్నది అబద్ధం, రెక్జినూ అబద్ధం. వదులు గూడ ఎన్నడూ లేదు. నాకు ఈయన గావాలె డాక్టరమ్మా. మోకిలోళ్లకు ఇయ్యకుండ్రి. నాకు ఇయ్యిండ్రి."

బయట అరుగు మీద అవ్వ దగ్గు ఆపుకుంది. మా ఆయన గుమ్మంలో నిలబడి గోడకేసి చూస్తున్నాడు. డాక్టరమ్మ కస్టమర్ల స్టూలు లాక్కుని కూర్చుంది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మొహంలో అది లేదు.

"మోకిలోళ్లు నిన్ననే వద్దన్నరు అక్కా. రిపోర్ట్ చూసిన్రు. సారు కిడ్నీలు పాడైతున్నయ్. ఆర్నెల్లో, ఏడాదో. వాళ్లింట్ల చిన్న పిల్లలున్నరు, తట్టుకోలేరన్నరు. నేను మా ఆశ్రమానికి తీస్కపోదమని వచ్చిన. ఇగ అక్కడనే ఉంచుదమని."

అక్కడ అంటే ఆ నల్లా పక్కన మూల.

"రోజిడిసి రోజు తోలు కిందికి సెలైన్ ఎక్కియ్యాలె" అంది ఆమె. "తిండి వేరే. దినాం చూసుకోవాలె. ఈ టైంల శానామంది వాపస్ ఇస్తరు. తప్పుగాదు అక్కా. మీరు తెలిసి ఒప్పుకోవాలె, అందుకే చెప్తున్న. ఈ కాగితం చూపియ్యకుండ మీతోని సంతకం తీసుకోను."

రిపోర్టు నా చేతిలో పెట్టింది. నాకు అందులో ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఎరుపు గీతలు మాత్రం కనబడ్డాయి. సారు మిషను కింద ఎప్పటిలాగే కూర్చుని, మేమంతా ఎందుకు నిలబడ్డామా అన్నట్టు చూస్తున్నాడు.

"సెలైన్ సూది ఎవరు పెడ్తరు?" అన్నాను.

"మీరే పెట్టాలె. నేర్పిస్త."

"నేర్పియ్యిండ్రి మరి."

కుట్టిన జాకెట్లు వేలాడదీసే కమ్మీకి సెలైన్ సీసా కట్టింది. మెడ వెనక తోలును రెండు వేళ్లతో పైకి లేపి, ఆ మడత కింద సూది జరపాలట. జాకెట్టుకు టక్కు పట్టినట్టే. నలభై ఏళ్ల వయసు ఆడవాళ్ల నడుముల దగ్గర గుడ్డను ఎన్ని వేలసార్లు అలా పట్టుకుని సూది దించానో. ఒకసారి ఆమె చేసి చూపించింది, తీసి నా చేతికిచ్చింది. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని సారు తల పట్టుకున్నాడు. పట్టుకుని, కళ్లు మాత్రం మూసుకున్నాడు.

సూది దించాను. సారు అటు తిరగను కూడా తిరగలేదు. సందులోంచి ఏదో బండి పోతుంటే దాన్ని చూస్తున్నాడు. సీసాలో నీళ్లు చుక్కలు చుక్కలుగా దిగడం మొదలైంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు.

సీసా అయిపోయాక డాక్టరమ్మ సంచీలోంచి కాగితం తీసింది. ఇంట్లో ఇంకొకరు కూడా సంతకం పెట్టాలంటే మా ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని, చదవకుండానే నాకంటే ముందు పెట్టేశాడు. నేను చదివాను. ఆశ్రమం ఏమిస్తుందో ఉంది, నేనేం చేయాలో ఉంది. ఎంతకాలం అన్నచోట కుక్క చివరి రోజు వరకు అని రాసి ఉంది. ఆ లైను రెండోసారి చదివి, కింద సంతకం పెట్టాను.